పదిమందిమి కలిసి ఒక పుస్తకం చదవాలంటే

బుక్ క్లబ్ పెడదామనుకునేవాళ్ళు నన్ను మొట్టమొదట అడిగేది "ఏ పుస్తకంతో మొదలుపెట్టమంటారు?" అని. పుస్తకం పేరు చెప్పేముందు నేను రెండు ప్రశ్నలు అడుగుతాను. మీరు అనుకుంటున్న పుస్తకం ఎనిమిది, పది కాపీలు ఈ వారంలో మీకు దొరుకుతాయా? చదివాక మీలో ఇద్దరు చెరో పక్కా నిలబడి మాట్లాడుకోవడానికి అందులో ఏమైనా ఉందా? రెండింటికీ అవునంటేనే ఆ పుస్తకం మీ జాబితాలోకి రావాలి, అది ఎంత గొప్ప పుస్తకమైనా సరే.

మాది విజయవాడ, సత్యనారాయణపురం. ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం మా మేడ మీద గదిలో కూర్చుంటాం. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన బాబాయిగారు, బ్యాంకులో పనిచేసే అమ్మాయి, జాకెట్లు కుట్టే పిన్ని, బీటెక్ చదివే కుర్రాడు, ఇద్దరు టీచర్లు, ఇంకా ఒకరిద్దరు. ఎనిమిది మందికి తగ్గితే ఇద్దరు రాని రోజు సభ వెలవెలబోతుంది. పన్నెండు దాటితే సగం మంది నోరు విప్పరు. ఆ మధ్యలో ఉంటే చాలు.

ముందు కాపీల సంగతి. తెలుగు పుస్తకాలు చాలావరకు వెయ్యి కాపీలో, ఐదొందలో వేస్తారు. అవి అయిపోతే మళ్ళీ ఎప్పుడు వేస్తారో పబ్లిషర్‌కే తెలియదు. అందుకని పుస్తకం ఖాయం చేసేముందే ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపులకి ఫోన్ చేసి ఎన్ని ఉన్నాయో కనుక్కుంటాను. పది కాపీలు ఒకేసారి తీసుకుంటామంటే పక్కన పెడతారు, కాస్త తగ్గించి కూడా ఇస్తారు. జనవరిలో మా ఊళ్ళో పుస్తక మహోత్సవం జరుగుతుంది కదా, రాబోయే నాలుగైదు నెలల పుస్తకాలు అక్కడే కొని పెట్టేస్తాం. హైదరాబాద్‌ వాళ్ళకి డిసెంబర్ బుక్ ఫెయిర్ ఆ పనికి పనికొస్తుంది.

దొరకని పాత పుస్తకం చదవాలనిపిస్తే ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. మన దేశంలో రచయిత చనిపోయాక అరవై ఏళ్ళ దాకా కాపీరైట్ ఉంటుంది. 1915లో పోయిన గురజాడ, 1958లో పోయిన ఉన్నవ లక్ష్మీనారాయణ, 1961లో పోయిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి, 1962లో పోయిన గోపీచంద్, వీళ్ళు బతికుండగా అచ్చయిన రచనల్ని ఇప్పుడు ఎవరైనా ప్రింటు తీసుకుని పంచుకోవచ్చు. మిగతావాళ్ళవి మాత్రం కొనే చదవండి. బతికున్న రచయిత పుస్తకాన్ని పదిమంది జిరాక్స్ తీసుకుంటే, ఐదొందల కాపీల ఎడిషన్లో పది అమ్మకాలు పోయినట్టు. అది ఆ రచయితకి చిన్న విషయం కాదు. ఎవరికైనా ఆ నెల డబ్బులకి ఇబ్బందిగా ఉంటే వాళ్ళకి అందరి కంటే ముందే ఒక కాపీ ఇవ్వండి. నెలకి తలా యాభై రూపాయలు వేసుకుని ఒక డబ్బా పెడితే ఈ అవసరానికి సరిపోతుంది, ఎవరికి ఇచ్చారో ఎవరికీ తెలియనక్కర్లేదు.

మొదటి సభకి నవల వద్దు. ఒక్క కథ తీసుకోండి, అదీ అక్కడే కూర్చుని పైకి చదువుకోగలిగినంత కథ. చాసో 'ఎందుకు పారేస్తాను నాన్నా' దీనికి చక్కగా సరిపోతుంది. చదువుకోవాలని ఉన్న పిల్లాడు, ఫీజూ పుస్తకాలూ అమర్చలేని తండ్రి. అర్ధగంటలో చదవడం అయిపోతుంది. "తండ్రి మీద మీకు కోపం వచ్చిందా, జాలి వేసిందా?" అని అడిగి చూడండి. వచ్చినవాళ్ళలో ప్రతి ఒక్కరికీ చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. అలా ఒకసారి నోరు తెరిచినవాళ్ళు రెండోసారి తప్పకుండా వస్తారు.

మాట్లాడుకోవడానికి పనికొచ్చే రచన ఎలా ఉంటుందో చెప్పమంటే నేను కాళీపట్నం రామారావుగారి 'యజ్ఞం' చూపిస్తాను. 1960ల్లో వచ్చిన పెద్ద కథ. సుందరపాలెం అనే ఊళ్ళో అప్పల్రాముడు అనే దళిత రైతు గోపన్న దగ్గర తీసుకున్న అప్పు మీద పంచాయితీ. తీర్పు చెప్పాల్సింది శ్రీరాములునాయుడు, ఊళ్ళో అందరూ ధర్మం తప్పడని నమ్మే మనిషి. అప్పు ఇచ్చిన గోపన్న కూడా అప్పటికి చితికిపోయి ఉన్నాడు. తీసుకున్నవాడు కాదనడు. మరి అన్యాయం ఎక్కడ జరిగినట్టు?

మేము దీన్ని చదివిన రోజు బ్యాంకులో పనిచేసే అమ్మాయి ముందే అనేసింది: అప్పు తీసుకున్నాక తీర్చాలి, తీర్పులో తప్పు లేదు అని. బాబాయిగారు ఒప్పుకోలేదు. "ఊళ్ళోకి రోడ్డు వచ్చింది, బడి వచ్చింది, అందరూ బాగుపడ్డారంటున్నారు. మరి ఒళ్ళు వంచి పనిచేసే ఈ మనిషి అప్పు ఎందుకు పెరిగిందమ్మా?" అన్నారు. ఆ అమ్మాయి సమాధానం చెప్పకుండా పుస్తకం తెరిచి వెనక్కి తిప్పడం మొదలుపెట్టింది. మిగతా అందరం మా కాపీలు తెరిచాం. ఊరు బాగుపడిన వైనం చెప్పే పేజీలు మొదటిసారి చదివినప్పుడు నాకు కాస్త సాగదీసినట్టు అనిపించాయి. అసలు వాదం అంతా ఆ పేజీల్లోనే ఉందని ఆ సాయంత్రం తెలిసింది. అంతవరకూ ఒక్క మాట మాట్లాడని పిన్ని, తన పుట్టింటి ఊళ్ళో జరిగిన ఒక పంచాయితీ గురించి చెప్పి, "అక్కడ కూడా తీర్పు చెప్పినాయన మంచివాడేనండీ" అంది. ఆ మాటతో గదిలో మళ్ళీ కొత్తగా చర్చ లేచింది. కథ చివర్లో అప్పల్రాముడి కొడుకు సీతారాముడు చేసే పని సరైన ముగింపా కాదా అన్న దాని మీద మాకు ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు.

బుక్ క్లబ్‌కి కావాల్సింది ఇదే. అందరికీ నచ్చిన పుస్తకం గురించి "చాలా బావుంది", "అద్భుతంగా రాశారు" అని పది నిమిషాలు అనుకుంటే మాటలు అయిపోతాయి. ఎవరికీ నచ్చని పుస్తకానిదీ అదే పరిస్థితి. సగం మందికి నచ్చి, సగం మందికి మింగుడుపడని పుస్తకం వెతకండి.

కథల తర్వాత చిన్న నవలలకి వెళ్ళొచ్చు. కేశవరెడ్డిగారి 'అతడు అడవిని జయించాడు' ఒక ముసలివాడు, తప్పిపోయిన పంది, ఒక రాత్రి, ఒక అడవి. వందకి అటూ ఇటూ పేజీలు, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు కూడా వారంలో ముగించగలరు. 'వేయిపడగలు' లాంటి పెద్ద నవలల్ని నెలలో చదివేయాలని పెట్టుకోకండి. చదవలేకపోయినవాళ్ళు మొహమాటపడి సభకి రావడం మానేస్తారు, ఆ తర్వాత నెల కూడా రారు. పెద్ద పుస్తకం కావాలనుకుంటే మూడు నెలలకి పంచుకుని, ఏ నెల ఎక్కడి దాకా చదవాలో పేజీ నంబరుతో సహా చెప్పండి.

ఎంపిక ఎలా చేసుకోవాలన్నది వేరే విషయం. ఒక్కరే పెద్దరికం మీద వేసుకుని ప్రతిసారీ పుస్తకం చెప్పడం మంచిది కాదు, ఆ ఒక్కరు ఎంత చదువుకున్నవాళ్ళైనా. మా దగ్గర ప్రతిసారీ ముగ్గురు తలా ఒక పుస్తకం తెస్తారు. ఒక్కొక్కరు రెండు నిమిషాలు చెప్పి, ఒక పేజీ పైకి చదవాలి. ఆ పేజీయే అసలు పని చేస్తుంది. పుస్తకం గురించి ఎంత పొగిడినా కదలనివాళ్ళు, ఒక పేజీ వింటే "ఇది చదువుదాం" అంటారు. తర్వాత చీటీల మీద ఓటు. చేతులెత్తించకండి, పెద్దవాళ్ళ మొహం చూసి చిన్నవాళ్ళు ఎత్తుతారు. గెలిచిన పుస్తకం తెచ్చినవాళ్ళే ఆ నెల సభ నడపాలి.

ఒక నియమం మొదటి రోజే పెట్టుకోండి: ఎవరూ తమ సొంత పుస్తకం గానీ, బంధువులదీ స్నేహితులదీ గానీ ప్రతిపాదించకూడదు. మన ఊళ్ళలో రాసేవాళ్ళు చాలామందే ఉన్నారు, అది సంతోషమే. కానీ రచయిత గదిలో ఉండగా ఎవరూ నిజం మాట్లాడరు. సభ కాస్తా సన్మాన సభ అయిపోతుంది. శాలువాలు, దండలు మా మేడ ఎక్కవు.

ఇంకొకటి కూడా నేను గట్టిగా పట్టుబడతాను. వరసగా మూడు పుస్తకాలు మనకి తెలిసిన వీధిలోవే, మనకి అలవాటైన భాషలోవే అయితే, నాలుగోది దూరం నుంచి రావాలి. కోస్తాలో ఉన్న మేము వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' చదివినప్పుడు నిజాం కాలంలో పల్లెల్లో ఏం జరిగిందో మాలో చాలామందికి మొదటిసారి తెలిసింది. ముస్లిం ఇళ్ళ కథలు చెప్పే ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' చదివాక, పక్కింటి వాళ్ళ పండగ గురించి ఇన్నేళ్ళూ ఏమీ అడగలేదేంటా అని ఒక టీచరమ్మ అన్నారు. నామిని కథల్లో చిత్తూరు మాట మొదటి పేజీలో అడ్డం పడినట్టు ఉంటుంది. అలాంటప్పుడు కళ్ళతో చదవద్దు, పైకి చదవండి. రెండు పేజీలయ్యేసరికి చెవికి పట్టుబడుతుంది. అర్థం కాని మాటలు గీత గీసుకుని తెస్తే, ఆ వైపు నుంచి వచ్చినవాళ్ళు ఎవరో ఒకరు తెలిసే ఉంటారు, స్పీకర్‌లో ఫోన్ చేసి అడగడమే.

నాటకమైతే పాత్రలు పంచుకుని చదవండి. 'కన్యాశుల్కం' రెండో కూర్పు, 1909 నాటిది, ఏడు అంకాలు. రెండు మూడు సభలకి పంచుకోవచ్చు. బొంకులదిబ్బ దగ్గర గిరీశంతో మొదలయ్యే రంగం మా బీటెక్ కుర్రాడు చదివాడు. మధురవాణి పాత్ర మాత్రం ఒకరికే ఇవ్వకండి, రంగం మారినప్పుడల్లా మార్చండి. ఒక్కొక్కరి గొంతులో ఆమె ఒక్కోలా వినపడుతుంది. ఎవరు చదివిన మధురవాణి మీకు నిజమనిపించింది అన్న ప్రశ్న ఒక్కటి చాలు, సాయంత్రమంతా గడిచిపోతుంది. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయాల మొదటి మహాసభ మా ఊళ్ళోనే జరిగింది. ఒకరు చదువుతుంటే పదిమంది వినడం ఆ గ్రంథాలయోద్యమం నాటి నుంచి మనకి ఉన్నదే. కళ్ళు సరిగా కనపడని పెద్దవాళ్ళూ, తెలుగు మాట్లాడగలిగి చదవలేని పిల్లలూ మీ క్లబ్‌లోకి రావాలంటే ఇదే దారి.

సభ నడిపేవాళ్ళు నాలుగైదు ప్రశ్నలు ముందే రాసుకోవాలి. "ఈ రచయిత ఏం చెప్పదలుచుకున్నాడు?" అని అడగొద్దు, స్కూల్లో పరీక్ష గుర్తొచ్చి అందరూ బిగుసుకుపోతారు. "ఏ పేజీ దగ్గర మీకు ఈ మనిషి మీద అభిప్రాయం మారింది?", "ఎక్కడ పుస్తకం మూసేద్దామనిపించింది?", "ఈ మాట ఆమె నిజంగా అందంటే నమ్ముతారా?" ఇలా అడిగితే చేతులు పుస్తకం వైపు వెళ్తాయి. చర్చ రాజకీయాల్లోకో సీరియల్లోకో పోతుంటే "ఏ పేజీలో ఉందండీ?" అంటే చాలు, మనిషి నొచ్చుకోకుండా వెనక్కి వస్తారు.

మొదటి రౌండులో తలా రెండు నిమిషాలు, అందరూ మాట్లాడాలి, మధ్యలో ఎవరూ అందుకోకూడదు. చిన్నవాళ్ళతో మొదలుపెట్టి పెద్దవాళ్ళ దగ్గర ముగించండి. రచయిత జీవితం, ఆ పుస్తకం మీద వచ్చిన విమర్శలు బాగా తెలిసినవాళ్ళు ఉంటే వాళ్ళని చివర్లో మాట్లాడమని ముందే బతిమాలుకోండి. వాళ్ళు ముందు మాట్లాడితే మిగతావాళ్ళు తాము చదివింది తప్పేమో అనుకుని ఊరుకుంటారు. పూర్తి చేయనివాళ్ళని రావద్దనకండి. కాకపోతే వాళ్ళు ముగింపు చెప్పొద్దని అడగకూడదు, అంతే. మొత్తం గంటన్నర, మరీ బావుంటే రెండు గంటలు.

తిండి విషయం తేలిగ్గా తీసుకోకండి. ఒకరింట్లో పెసరట్టు పెడితే తర్వాతివాళ్ళు దానికి తోడు స్వీటు చేస్తారు. నాలుగు నెలలు తిరిగేసరికి ఆడవాళ్ళకి ఆదివారం అంటేనే టెన్షన్ పట్టుకుంటుంది, పుస్తకం చదివే తీరిక ఉండదు. మాకు అల్లం టీ, ఏదో ఒక కారప్పూస. ఇంతకు మించి ఎవరూ చేయకూడదని ముందే అనుకున్నాం, కప్పులు కడగడం మగవాళ్ళ వంతు. ఇల్లు కుదరకపోతే గ్రంథాలయంలో అడగండి. ఆదివారం పూట ఒక గది ఇవ్వడానికి చాలాచోట్ల సంతోషంగానే ఒప్పుకుంటారు.

వాట్సాప్ గ్రూపులో గుడ్‌మార్నింగ్‌లు, ఫార్వార్డులు వద్దు. పుస్తకం మీద అభిప్రాయాలు కూడా సభకి ముందు అక్కడ రాయొద్దు. అక్కడ వాదించేసుకుంటే ఆదివారానికి ఏమీ మిగలదు. తేదీ, పుస్తకం, ఎక్కడ దొరుకుతుందన్న కబురు, పదిరోజుల ముందు ఒక రిమైండర్. అంతవరకే.

ఊరికి దూరంగా ఉన్నవాళ్ళు జూమ్‌లో చేసుకుంటున్నారు. డిట్రాయిట్‌లో తెలుగు లిటరరీ క్లబ్ వాళ్ళు 1998 నుంచి పుస్తకాలు చదివి చర్చించుకుంటున్నారు. వేరే దేశాల్లో కాపీలు దొరకడం మరీ కష్టం కాబట్టి మొదట్లో కథానిలయం వెబ్‌సైట్‌లో ఉన్న కథలతో నడపండి. శ్రీకాకుళంలో కారా మాస్టారు, అంటే 'యజ్ఞం' రాసిన కాళీపట్నం రామారావుగారు, 1997లో స్థాపించిన ఆ కథల లైబ్రరీలో పాత పత్రికల నుంచి స్కాన్ చేసినవి బోలెడు ఉన్నాయి. స్క్రీన్ మీద అయితే ఏడెనిమిది మందికి మించొద్దు, ఒకరి మాట మీద ఒకరు పడిపోతారు.

సభ చివర పది నిమిషాలు మిగుల్చుకోండి. ఒక నోట్‌బుక్‌లో తేదీ, పుస్తకం, ఎవరు ఏ పక్కన నిలబడ్డారో ఒక్కో వాక్యం రాయండి. ఏడాది తర్వాత కొత్తగా చేరేవాళ్ళకి అది చదివి వినిపిస్తే క్లబ్ ఎలా మాట్లాడుకుంటుందో వాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. ఓటు వేసేది ఆ వచ్చే నెలకి కాదు, దాని తర్వాతి నెలకి. అప్పుడు కాపీలు తెప్పించడానికి మీకు నెల టైముంటుంది, వచ్చే నెల పుస్తకం మెట్లు దిగేటప్పుడే ఒక్కొక్కరి చేతిలో పెట్టి పంపొచ్చు.