మన రిపోర్టు మనమే చదువుకుందాం - 5వ పాఠం: టీఎస్‌హెచ్ పక్కన ‘హెచ్’ ఉంటే

పోయిన పాఠంలో థైరాయిడ్ ప్రొఫైల్‌లోని మూడు వరుసలు చెప్పి, ఇంట్లో ఉన్న రిపోర్టు తీసి చూసుకోమన్నాను. చూసుకున్నారు. తర్వాత వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే పాట. “టీఎస్‌హెచ్ 5.8 అండీ, పక్కన హెచ్ అని బోల్డులో ఉంది. పన్నెండు కిలోలు ఎందుకు పెరిగానో ఇప్పుడు తెలిసింది.” తెలియలేదు. హెచ్ అంటే హై, అంకె ల్యాబ్ పరిధి దాటిందని మాత్రమే. అందుకే ఈసారి రావాల్సిన కొలెస్ట్రాల్ పాఠం వెనక్కి జరిగింది.

టీఎస్‌హెచ్ థైరాయిడ్ గ్రంథి తయారుచేసేది కాదు, మెదడు కింద ఉండే పిట్యూటరీ పంపేది. పిల్లాడు పలకకపోతే అమ్మ గొంతు పెంచుతుంది కదా, అలాగే థైరాయిడ్ కాస్త మందగిస్తే టీఎస్‌హెచ్ పెరుగుతుంది. చాలామంది జారింది ఇక్కడే. ఈ అమ్మ చిన్నదానికే పెద్దగా అరుస్తుంది. ఫ్రీ టీ4, అంటే థైరాయిడ్ రక్తంలోకి పంపే హార్మోన్, సగానికి పడితే టీఎస్‌హెచ్ రెట్టింపుతో ఆగదు, సుమారు 100 రెట్లు అవుతుంది. కాబట్టి 2.9 ఉండాల్సింది 5.8 అయిందంటే థైరాయిడ్ సగమే పనిచేస్తోందని లెక్కకట్టకండి. పక్క వరుసలో ఫ్రీ టీ4 మామూలుగానే ఉందా? ఉంటే దీన్ని సబ్‌క్లినికల్ హైపోథైరాయిడిజం అంటారు. శరీరానికి అందాల్సిన హార్మోన్ ఇంకా అందుతూనే ఉందన్నమాట.

ఇక బరువు. థైరాయిడ్ బాగా దెబ్బతిని, ఫ్రీ టీ4 కూడా పడిపోయిన వాళ్లలోనే ఆ జబ్బు వల్ల పెరిగే బరువు మామూలుగా 2 నుంచి 4.5 కిలోల మధ్య ఉంటుంది. అందులోనూ ఎక్కువ భాగం ఒంట్లో నిలిచిన ఉప్పూ నీరూ, కొవ్వు కాదు. అలాంటప్పుడు 5.8 మీద పన్నెండు కిలోలు మోపడం అన్యాయం. పైగా కథ తిరగబడి కూడా ఉండొచ్చు: బరువు పెరగడం వల్లే టీఎస్‌హెచ్ కాస్త పైకి పోవడం, తగ్గితే దిగిరావడం ఉంది.

మరి కిలోలెక్కడివి? మందుల డబ్బా తెరవండి. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని షుగర్ మాత్రలు, మానసిక సమస్యలకు వాడే ఒలాంజపైన్, ఫిట్స్‌కిచ్చే వాల్‌ప్రోయేట్, నరాల నొప్పికిచ్చే ప్రీగాబలిన్, వీటన్నిటికీ బరువు పెంచే గుణం ఉంది. అలాగని మీ అంతట మీరు ఆపేయకండి, రాసిన డాక్టర్ని అడగండి. మోకాళ్ల నొప్పులకని పేరూ ఊరూ లేని పొట్లాలు మింగుతుంటే మాత్రం ముందు ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. అలాంటి వాటిలో స్టెరాయిడ్ కలిపిన ఉదంతాలున్నాయి. పీసీఓఎస్ (ఆడవాళ్లకొచ్చే ఒక హార్మోన్ సమస్య), సిగరెట్ మానేయడం, గురకతో చెడే నిద్ర, పాదాల వాపు, ఇవన్నీ థైరాయిడ్ కంటే ముందు అడగాల్సిన ప్రశ్నలు.

ఇప్పుడు నన్ను విసిగించిన సంగతి. ఒకావిడ నెల రోజులు పరగడుపున ధనియాల కషాయం తాగారట. 6.2 ఉన్న టీఎస్‌హెచ్ 4.4కి దిగిందని రెండు రిపోర్టులూ పంపారు. మొదటి రక్తం తీసింది ఉదయం 6:40కి, ఇంటికొచ్చిన కుర్రాడు. రెండోది ఒక క్యాంపులో, మధ్యాహ్నం 1:15కి, టిఫినూ టీ అయ్యాక. టీఎస్‌హెచ్ అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము దాకా ఎక్కువగా ఉండి మధ్యాహ్నానికి దిగుతుంది. తింటే ఇంకాస్త దిగుతుంది. 5, 6 దగ్గర తిరిగేవాళ్లకు ఒక్క రోజులోనే ఒకటిన్నర, రెండు తేడా రావచ్చు. ఆ కషాయం తాగకపోయినా ఆ 4.4 వచ్చి ఉండొచ్చు.

ఇంకొకాయన ఉదయం ఒక ల్యాబ్, వారానికి ఇంకో ల్యాబ్. యంత్రం వేరు, పరిధి వేరు. మరొకాయన డెంగీ నుంచి లేచిన వారానికే చేయించుకున్నారు. పెద్ద జబ్బు నుంచి కోలుకునేటప్పుడు టీఎస్‌హెచ్ కొన్నాళ్లు పెరిగి తనంతట తానే దిగుతుంది. థైరాయిడ్ లోటు పూడ్చే థైరాక్సిన్ మాత్ర మొదలెట్టిన రెండు వారాలకే “ఏం తగ్గలేదు” అన్నవారూ ఉన్నారు. ఆ మందు ఒంట్లో సగం కావడానికే వారం పడుతుంది, ఆరు వారాలు ఆగకుండా పరీక్ష దండగ. జుట్టు రాలుతోందని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు వేసుకునేవాళ్లది వేరే తంటా. ఒంటికి రోజుకు 30 మైక్రోగ్రాములు చాలు, ఆ మాత్రల్లో 5,000, 10,000 కూడా ఉంటాయి. కొన్ని యంత్రాలు ఆ బయోటిన్‌కు బోల్తాపడి టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికంటే తక్కువ చూపిస్తాయి. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. జుట్టు రాలడం, బరువు, నీరసం కలిసే వస్తాయి కనుక, థైరాయిడ్ పరీక్షకొచ్చేవాళ్ల దగ్గరే ఈ మాత్రలు ఉంటాయి మరి!

నా పద్ధతి: అదే ల్యాబ్, ఉదయం ఏడులోపు, మంచినీళ్లు తప్ప ఏమీ లేకుండా. రిపోర్టు రాగానే హెచ్, ఎల్ గడిని బొటనవేలితో మూసి అంకెనూ పరిధినీ చదువుతాను. బోల్డు అక్షరం బుర్రను తినేస్తుంది.

ఇలా ఒకసారి 4.5–10 మధ్య వచ్చి ఫ్రీ టీ4 బాగుంటే, రెండు మూడు నెలలాగి మళ్లీ చేయించడం మామూలు పద్ధతి, ఫ్రీ టీ4, యాంటీ టీపీఓ (థైరాయిడ్ మీద ఒళ్లే దాడి చేస్తోందా అని చూసే పరీక్ష)తో కలిపి. టీపీఓ పాజిటివ్ అయితే ముందుముందు అసలు జబ్బుగా మారే అవకాశం ఎక్కువ, ఏటా చూసుకోవాలి. 10 దాటినా, ఫ్రీ టీ4 పడిపోయినా, మెడ దగ్గర వాపున్నా వాయిదా వేయకండి. గర్భిణులకూ, గర్భం కోసం చూస్తున్నవారికీ ఈ పాఠంలో ఒక్క అంకె కూడా పనికిరాదు, వాళ్లు వెంటనే డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. ఆ 4.5–10 మధ్యే ఉన్న పెద్దవాళ్లకు మాత్రం మందుకు తొందర అక్కర్లేదు: 2017లో వెలువడిన ‘ట్రస్ట్’ అధ్యయనంలో 65 దాటిన 737 మందిలో కొందరికి థైరాక్సిన్, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూస్తే, ఏడాదికి లక్షణాల్లోగానీ అలసటలోగానీ తేడా కనిపించలేదు.

అభ్యాసం. బీరువాలో ఉన్న థైరాయిడ్ రిపోర్టులన్నీ, పాతవీ కొత్తవీ, బయటికి తీయండి. ప్రతిదానికీ తేదీ, రక్తం తీసిన వేళ, తిన్నారా లేదా, ల్యాబ్, ఆ నెలలో వాడిన మందులు, ఆనాటి బరువు రాయండి. వేళ కోసం ‘కలెక్టెడ్’ అన్న చోట చూడాలి, ‘రిపోర్టెడ్’ దగ్గర కాదు. ఒకదానితో ఒకటి పోల్చదగ్గ జంటలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి. ఒక్కటీ మిగలకపోతే అదే రాసి పంపండి, అదీ సరైన జవాబే. కొలెస్ట్రాల్ రిపోర్టు కూడా దగ్గర పెట్టుకోండి, వచ్చే పాఠానికి కావాలి.