పంటకు పురుగుమందు కొట్టే ముందు ఇవి చూసుకోండి

ముందు అది ఏ పురుగో తేల్చుకోండి. మిరపలో ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగులు, కిందికి ముడుచుకుని కాడ సాగితే నల్లి. నల్లి అసలు కీటకమే కాదు, 8 కాళ్ల జీవి. దానిమీద సింథటిక్ పైరిత్రాయిడ్ (ఒక రకం పురుగుమందు) కొడితే దాన్ని తినే మిత్రపురుగులు చచ్చి నల్లి ఇంకా రెచ్చిపోతుంది. డబ్బూ దండగ, పంటా దండగ.

ఆకు తిప్పి చూడండి. తెల్లదోమ, దాని గుడ్లు అడుగునే ఉంటాయి. పైపైన కొట్టిన మందు వాటికి తగలదు.

వంగలో కొమ్మ చివర వాలితే తుంచి చీల్చండి, లోపల లేత గులాబీ రంగు పురుగు ఉంటుంది. అక్కడికి స్ప్రే అందదు. తుంచినవి గట్టు మీద పడేయకుండా కాల్చేయండి.

పండుఈగ ఉంటే రాలిన కాయలు రోజూ ఏరేయాలి. వాటిలోని పురుగులు మట్టిలోకి దిగి మళ్లీ ఈగలై లేస్తాయి.

నల్లటి ఒంటిపై నారింజ మచ్చలతో బుల్లి మొసలిలా పాకేది అక్షింతల పురుగు పిల్ల. మొక్కల రసం పీల్చే పేనుబంకను తినేది అదే, చంపకండి.

పంట పూత మీద ఉంటే సాయంత్రమే కొట్టండి, తేనెటీగలు తిరగవు.

కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో లేబుల్‌పై ఉంటుంది. కోత దగ్గరపడితే ముందు అదే చదవండి.