తెర మీద చారలు సరిగా రావట్లేదా? లేజర్, చీలికలు, గ్రేటింగ్: సమస్య - పరిష్కారం

లేజర్ ముందు చీలికల స్లైడ్ పెట్టి, తెర మీద పడిన చారలు కొలిచి, తరంగదైర్ఘ్యం లెక్కకట్టడం ఇంటర్, డిగ్రీ విద్యార్థులకు తెలిసిన ప్రయోగమే. చారలు కనబడకపోయినా, జవాబు తేడాగా వచ్చినా అందరూ ముందు కాలిక్యులేటర్ మీద పడతారు. దాన్ని పక్కన పెట్టి తెరను చూడండి. తప్పు ఎక్కడుందో చాలాసార్లు ఆ చారలే చెబుతాయి.

వాటిని చదవడానికి మూడు సంగతులు తెలియాలి. చారకూ చారకూ మధ్య ఎడం, చీలికకూ చీలికకూ మధ్య దూరాన్ని బట్టి ఉంటుంది. ఆ చారలన్నిటినీ కప్పుతూ మధ్యలో ప్రకాశంగా ఉండి, పక్కలకు వెళ్లేకొద్దీ తగ్గి, ఒకచోట ఆరిపోయి, మళ్లీ కొద్దిగా వెలిగే పెద్ద పరదా ఒకటి ఉంటుంది. అది ఒక్కో చీలిక వెడల్పును బట్టి వస్తుంది. ఇక ఒక్కో చార ఎంత సన్నగా ఉందన్నది, వెలుగు నిజంగా ఎన్ని చీలికల మీద పడుతోందన్న దాన్ని బట్టి ఉంటుంది.

మొదలుపెట్టే ముందు ఒక జాగ్రత్త. స్లైడ్ మెరిసే లోహపు ఫ్రేమ్‌లో ఉంటే లేజర్ వెలుగు వెనక్కి కొడుతుంది. మీ కళ్లు ఆ కిరణం ఎత్తులో ఉండకూడదు. చవక ఆకుపచ్చ పాయింటర్లలో ఫిల్టర్ లేకపోతే కంటికి కనబడని పరారుణ కాంతి కూడా బయటికి వస్తుంది. అందుకే ఈ పనికి నేను ఎరుపు లేజర్‌నే వాడమంటాను.

చారలే లేవు, ఒక వెడల్పాటి వెలుగు మచ్చ మాత్రమే ఉంది

ముందు తెర దూరం చూడండి. పట్టీ వెడల్పు (అంటే చారకూ చారకూ మధ్య ఎడం) = తరంగదైర్ఘ్యం × తెర దూరం ÷ చీలికల మధ్య దూరం. 650 నానోమీటర్ల ఎరుపు లేజర్, 0.25 మి.మీ. ఎడం ఉన్న జంట చీలిక, తెర 1 మీటరు దూరంలో అయితే పట్టీ వెడల్పు 2.6 మి.మీ. అదే తెర 20 సెంటీమీటర్లలో ఉంటే 0.5 మి.మీ. మాత్రమే. చారలు పడుతూనే ఉంటాయి, కంటికి విడిగా ఆనవు. తెరను 2 మీటర్లకు జరపండి. గదిలో చోటు లేకపోతే తెరను తలుపు తెరిచినట్టు ఏటవాలుగా తిప్పండి. చారలు సాగి స్పష్టంగా కనిపిస్తాయి. అయితే ఇది చూడటానికే, కొలతకు పనికిరాదు.

దూరం సరిపోయినా చారలు లేవంటే కిరణం ఒక్క చీలిక మీదే పడుతోందన్నమాట. మీకు కనిపించే మచ్చ ఆ ఒక్క చీలిక వివర్తనం, అంటే సన్నటి సందులోంచి వచ్చిన వెలుగు పక్కలకు విచ్చుకోవడం. స్లైడ్‌ను చాలా నెమ్మదిగా పక్కకు జరపండి. రెండో చీలిక మీద కూడా వెలుగు పడిన క్షణంలోనే మచ్చ లోపల నల్లటి గీతలు పుట్టుకొస్తాయి. ఆ క్షణాన్ని ప్రతి విద్యార్థీ తన కళ్లతో చూడాలి. వెలుగుకు వెలుగు తోడైతే చీకటి పుడుతుందని పుస్తకంలో పదిసార్లు చదివినా రాని నమ్మకం అక్కడ వస్తుంది.

బల్బుతోనో, ఎల్‌ఈడీతోనో, సోడియం దీపంతోనో చారలు రావట్లేదు

దీపంలో ఒక్కో చోటు నుంచి వచ్చే వెలుగు తన చారలను తాను వేస్తుంది. అవన్నీ కొంచెం కొంచెం జరిగి ఒకదాని మీద ఒకటి పడి చెరిగిపోతాయి. దీపానికీ జంట చీలికకూ మధ్య సన్నటి ఒంటి చీలిక ఒకటి ఉండాలి. ఎంత సన్నగా? 0.25 మి.మీ. ఎడం ఉన్న జంట చీలికకు 30 సెంటీమీటర్ల ముందు పెట్టిన ఒంటి చీలిక 0.7 మి.మీ. వెడల్పుంటే సోడియం చారలు పూర్తిగా మాయమవుతాయి. దాన్ని 0.15 మి.మీ.కి బిగిస్తే బాగా కనిపిస్తాయి. ఒంటి చీలిక, జంట చీలికలకు సమాంతరంగా ఉండటం కూడా అంతే ముఖ్యం. థామస్ యంగ్ 1803లో చేసిన ప్రయోగంలో కూడా ఎండ ముందు సన్నటి రంధ్రం గుండానే వచ్చింది. ఆ తర్వాతే అంగుళంలో ముప్పయ్యో వంతు మందం ఉన్న కార్డు ముక్క అంచు దాన్ని రెండుగా చీల్చింది.

రెండు లేజర్ పాయింటర్లు తెచ్చి ఒక్కో చీలికకు ఒకటి పెట్టినా చారలు రావు. రెండింటి దశల (అల ఏ క్షణంలో పైకి, ఏ క్షణంలో కిందికి ఉందన్న దాని) మధ్య తేడా కన్ను పట్టుకోలేనంత వేగంగా మారిపోతుంటుంది. ఒకే మూలం నుంచి వచ్చిన వెలుగే రెండుగా విడిపోవాలి.

రెండు చీలికలు తీసి నాలుగు పెట్టినా చారల ఎడం మారలేదు

స్లైడ్ తప్పుదేమోనని చాలామందికి టెన్షన్. తప్పేమీ లేదు. చీలికల మధ్య దూరం అదే అయితే ప్రధాన చారలు అవే చోట్ల పడతాయి. మారేది వాటి పదును. రెండు చీలికలతో చార మధ్యలో ప్రకాశం ఒంటి చీలిక కంటే 4 రెట్లు, నాలుగు చీలికలతో 16 రెట్లు. చీలికలు రెండింతలైతే ప్రకాశం నాలుగింతలు ఎలా అయిందంటే, చార సన్నబడింది కాబట్టి. వెలుగు కొత్తగా పుట్టలేదు, ఒక దగ్గరికి చేరింది.

నాలుగు చీలికలున్నప్పుడు రెండు ప్రధాన చారల మధ్య మూడు చీకటి చోట్లు, రెండు మసక చారలు ఉండాలి. ఈ మసక చారలు కనబడట్లేదన్నదే అసలు సమస్య. దానికి మూడు కారణాలు చూశాను.

ఒకటి, అవి చాలా బలహీనం. ప్రధాన చార ప్రకాశంలో సుమారు 7 శాతమే. గదిలో ట్యూబ్‌లైట్ వెలుగుతుంటే పోతాయి. ఫోన్ కెమెరాతో తీస్తే ప్రధాన చారలు తెల్లగా ఉబ్బి వాటిని మింగేస్తాయి. చీకటి చేసి, స్క్రీన్ మీద మెరుస్తున్న చారను తాకి, ఎక్స్‌పోజర్ తగ్గించి తీయండి.

రెండు, లేజర్ మచ్చ చిన్నదై చివరి చీలికలకు వెలుగు అందట్లేదు. లేజర్‌ను కొన్ని మీటర్లు వెనక్కి జరిపితే కిరణం విచ్చుకుని నాలుగింటినీ కప్పుతుంది.

మూడోది ఎవరికీ తట్టదు. తెర చాలినంత దూరంలో లేదు. 0.25 మి.మీ. ఎడంతో నాలుగు చీలికలంటే ఈ చివర నుంచి ఆ చివరకు సుమారు 0.8 మి.మీ. దాన్ని వర్గం చేసి తరంగదైర్ఘ్యంతో భాగిస్తే దాదాపు 1 మీటరు. తెర దీనికి కొన్ని రెట్ల దూరంలో ఉంటేనే నమూనా పుస్తకంలో గీసినట్టు వస్తుంది. 4, 5 మీటర్ల అవతలి గోడ మీద పడనివ్వండి. అంత చోటు లేకపోతే కళ్లజోళ్ల షాపులో ప్లస్ 1 పవర్ కళ్లద్దం అడగండి. దాని నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) 1 మీటరు. స్లైడ్‌ను ఆనించి ఆ అద్దం, అక్కడి నుంచి సరిగ్గా మీటరు దూరంలో తెర పెడితే చాలు. ఖర్చు తక్కువ, ఫలితం చాలా బాగుంటుంది.

మూడో చార ఉండాల్సిన చోట చీకటి

చీలికల మధ్య దూరం చీలిక వెడల్పుకు సరిగ్గా మూడు రెట్లు ఉంటే 3వ, 6వ చారలు రావు. పరదా వెలుగు ఆరిపోయే చోటే ఆ చారలు పడాలి మరి. రికార్డులో దాచకుండా రాయండి. చీలిక వెడల్పు ఎంతో దీన్నుంచే తెలుస్తుంది.

గ్రేటింగ్‌తో తరంగదైర్ఘ్యం ఎప్పుడూ ఎక్కువే వస్తోంది

గ్రేటింగ్ అంటే సన్నటి గీతలు దగ్గరదగ్గరగా, సమాన ఎడంతో ఉన్న పలక. మిల్లీమీటరుకు 500 గీతలున్న గ్రేటింగ్, తెర 1 మీటరు దూరం, మొదటి చుక్క మధ్య నుంచి 34.4 సెంటీమీటర్లలో పడింది. జంట చీలిక అలవాటుతో 34.4ను 100తో భాగించి గీతల ఎడం 2000 నానోమీటర్లతో గుణిస్తే 688 వస్తుంది. లేజర్ 650ది. ఇక్కడ భాగించి తెచ్చింది టాన్ విలువ, గ్రేటింగ్ సూత్రానికి (మొదటి చుక్కకు తరంగదైర్ఘ్యం = గీతల ఎడం × కోణం సైన్) కావలసింది సైన్. కోణం 19 డిగ్రీలు ఉన్నప్పుడు రెండూ ఒకటి కావు. ముందు కోణం కనుక్కుని దాని సైన్ వేస్తే 650 వస్తుంది. తప్పు ఒకే వైపుకు, మళ్లీ మళ్లీ వస్తుంటే చెయ్యి వణికిందనుకోకండి, పద్ధతిలోనే ఏదో ఉంది.

చుక్కలు వరసగా లేవు

వరస మొత్తం ఒక పక్కకు వాలిందంటే గ్రేటింగ్ గీతలు నిలువుగా లేవు. దాన్ని దాని తలంలోనే కొంచెం తిప్పండి. వరస విల్లులా వంగితే గ్రేటింగ్ ముందుకో వెనక్కో వాలి ఉంది. ఎడమ, కుడి దూరాలు సమానంగా లేకపోతే కిరణం గ్రేటింగ్‌కు లంబంగా లేదు, లేదా తెర వంకరగా ఉంది. గ్రేటింగ్ నుంచి వెనక్కి వచ్చిన చుక్క లేజర్ మూతి మీదే పడేలా సర్దితే మొదటిది తీరుతుంది. రెండోదానికి తెర రెండు అంచులూ గ్రేటింగ్‌కు సమాన దూరంలో ఉన్నాయో లేదో దారంతో కొలవండి.

చుక్కల చుట్టూ మసక వెలుగుంటే గ్రేటింగ్ మీద వేలిముద్రలో, దుమ్మో ఉన్నట్టు. గుడ్డతో రుద్దితే గీతలు శాశ్వతంగా పోతాయి. రబ్బరు బ్లోయర్‌తో ఊదండి, అంతకు మించి ముట్టుకోకండి.

స్పెక్ట్రోమీటర్‌లో మూడో ఆర్డర్ దొరకట్లేదు

స్పెక్ట్రోమీటర్ అంటే టెలిస్కోప్ తిప్పి వెలుగు కోణం కొలిచే పరికరం, ఆర్డర్ అంటే మధ్య నుంచి లెక్కపెట్టే వరస సంఖ్య. అంగుళానికి 15,000 గీతల గ్రేటింగ్‌లో గీతల ఎడం 1693 నానోమీటర్లు. సోడియం 589.3తో భాగిస్తే 2.87. అంటే లంబ పతనంలో రెండు ఆర్డర్లే సాధ్యం, మూడోదాని కోసం టెలిస్కోప్ ఎంత తిప్పినా లాభం లేదు. రెండో ఆర్డర్‌లో పసుపు గీత రెండుగా కనబడితే కంగారుపడకండి. అవి 589.0, 589.6 గీతలు. విడిగా కనబడ్డాయంటే ఫోకస్ బాగా కుదిరినట్టే.

కోణం 300 డిగ్రీలు దాటి వస్తోంది

స్పెక్ట్రోమీటర్‌లో కోణం చదివే చిన్న స్కేలు, వెర్నియర్, సున్నాను దాటింది. మొదటి ఆర్డర్ సోడియం గీతకు ఎడమ రీడింగ్ 345 డిగ్రీల 10 నిమిషాలు, కుడి 25 డిగ్రీల 54 నిమిషాలు అనుకోండి. కుడి దానికి 360 కలిపి తీసివేస్తే 40 డిగ్రీల 44 నిమిషాలు, అందులో సగం 20 డిగ్రీల 22 నిమిషాలు. దాని సైన్‌ను 1693తో గుణిస్తే 589 వస్తుంది.