‘నాకింత చాలు’ అనడం పిల్లలకు నేర్పడం ఎలా?

తొమ్మిది నుంచి పన్నెండేళ్ల మధ్య చాలామంది పిల్లలకు ఆకలి బాగా పెరుగుతుంది. శరీరం ఎదుగుదలకు సిద్ధమయ్యే వయసది. ఊబకాయం వస్తుందన్న భయంతో వాళ్ల కడుపు మాడ్చడం తప్పు. ఎంత తినాలో వాళ్లే తెలుసుకునేలా చేయాలి.

మొదట గరిటె వాళ్ల చేతికివ్వండి. మనం వడ్డిస్తే ప్రేమ కొద్దీ ఒక గరిటె ఎక్కువే పడుతుంది. పైగా కంచంలో మెతుకు వదలకూడదని మనమే అంటాం. అందుకే పొట్ట నిండినా పిల్లలు తింటూనే ఉంటారు. ముందు తక్కువ పెట్టుకోమనండి, చాలకపోతే మళ్లీ వడ్డించుకోవచ్చని మాటివ్వండి. అన్నం పారేయకూడదన్న నియమమూ నిలుస్తుంది.

కొలతకు వాళ్ల చెయ్యి చాలు. అన్నానికి పిడికిలి, చేపకూ కోడిమాంసానికీ వేళ్లు వదిలేసి అరచెయ్యి, కూరగాయలకు దోసిలి, నెయ్యికి బొటనవేలి మొదటి కణుపు. చెయ్యి పెరిగిన కొద్దీ కొలతా పెరుగుతుంది. బాగా ఆడి వచ్చిన రోజు ఇంకో పిడికెడు అడిగితే సంతోషంగా పెట్టండి.

మన భోజనంలో అసలు చిక్కు విడతల దగ్గర వస్తుంది. పప్పుతో కొంత, కూరతో కొంత, చారుతో ఇంకొంత, చివర పెరుగన్నం. దేనికదే కొంచెంలా కనిపిస్తుంది, మొత్తం ఎంత తిన్నామో తెలియదు. అందుకని మా పదేళ్ల అమ్మాయిని తనకు కావలసిన అన్నమంతా ముందే ఒక గిన్నెలోకి తీసుకోమన్నాను. మొదటి రోజు పప్పుకే ముప్పావు గిన్నె అయిపోయింది. పెరుగు దగ్గరకు వచ్చేసరికి నా ముఖం చూసింది. ఏమీ అనకుండా ఇంకాస్త పెట్టాను. మూడో రోజు గరిటె అంచుతో గిన్నెలోని అన్నాన్ని తనే నాలుగు భాగాలుగా గీసుకుంది. పెరుగుకు పెద్ద భాగం ఉంచుకుంది! ఆ గీతలు చూసి నాకెంత సంతోషం కలిగిందో చెప్పలేను.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సూచించే పళ్లెంలో సుమారు సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లే. మన ఇళ్లలో కూర అన్నంలో కలుపుకునేంతే వండుతాం. కాబట్టి అన్నం తగ్గించే ముందు బీరకాయో బెండకాయో మరికాస్త ఎక్కువ వండండి. లేకపోతే పిల్లలు అర్ధాకలితో లేచి చిరుతిళ్ల డబ్బా వెతుక్కుంటారు.

తినేటప్పుడు టీవీ, ఫోను వద్దు. పొట్ట నిండిన సంగతి మెదడుకు తెలియడానికి దాదాపు 20 నిమిషాలు పడుతుంది, నిదానంగా తిననివ్వండి.

జంతికలైనా చిప్స్ అయినా చిన్న గిన్నెలో వేసుకుని తినాలి, డబ్బాలో చెయ్యి పెట్టి కాదు. శీతల పానీయాల సీసా మీది వివరాలు వాళ్ల చేతే చదివించండి. మామూలు కోలాలో 100 మిల్లీలీటర్లకు 10 గ్రాములకు అటూఇటూగా చక్కెర ఉంటుంది. 250 మిల్లీలీటర్ల సీసాకు లెక్క కట్టించి, అంత చక్కెర చెంచాతో ఒక గ్లాసులో పోయించండి. ఐదారు చెంచాలవుతుంది.

బరువు గురించి అనుమానముంటే పిల్లల వైద్యుణ్ని కలవండి. వయసు, ఎత్తు, బరువు కలిపి ఎదుగుదల చార్టులో చూసి ఆయన చెబుతారు. భోజనం దగ్గర మాత్రం ‘లావయ్యావు’ అన్న మాట రానివ్వకండి. ఆ మాట పడ్డ పిల్లలు చాటుగా తినడం మొదలుపెడతారు. ఇంటికి వచ్చే చుట్టాలకు కూడా ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.