మెడ ఆపరేషన్ తర్వాత మళ్లీ ఆట: ఏ ఇబ్బందికి ఏం చేయాలి

మెడ ముందువైపు నుంచి డిస్క్ తీసి, పై కింది పూసలను ప్లేటుతో కలిపి అతికించే ఆపరేషన్ చేయించుకున్నవారి కోసం ఇది.

సమస్య: నొప్పి పోయింది, అయినా డాక్టర్ ఆడవద్దంటున్నారు

కారణం: నరం మీద ఒత్తిడి తీసేయగానే చేతి నొప్పి చాలామందికి త్వరగా తగ్గుతుంది. ఎముక అతుక్కోవడానికి మాత్రం నెలలు పడుతుంది. అతుక్కుందో లేదో ఒంటికి తెలియదు, ఎక్స్‌రేలోనో సీటీ స్కాన్‌లోనో కనబడాలి.

పరిష్కారం: అప్పటిదాకా నడకే మీ ఆట. సిగరెట్ మానేయండి, పొగ తాగేవారికి ఎముక సరిగా అతుక్కోకపోయే ముప్పు ఎక్కువ.

సమస్య: షటిల్‌లో స్మాష్ కోసం పైకి చూస్తే మెడ పట్టేస్తోంది

కారణం: అతికించిన చోట మెడ వంగదు. ఆ పని పై కింది కీళ్ల మీద పడుతుంది. కాలర్ పెట్టుకున్న వారాల్లో మెడ లోపలి కండరాలూ బలం తగ్గి ఉంటాయి.

పరిష్కారం: ఫిజియోథెరపిస్టు సరేనన్నాక, గోడకు వీపు ఆనించి నిలబడండి. చూపు ఎదురుగానే ఉంచి, గడ్డాన్ని కిందికి దించకుండా వెనక్కి జరపండి. ఐదు సెకన్లు ఆగి వదలండి, పదిసార్లు. మెడ వెనుక సన్నగా సాగినట్టుంటే సరిగ్గా చేస్తున్నట్టు. గొంతు పక్క కండరాలు తాళ్లలా ఉబ్బితే బలం ఎక్కువైనట్టు. కోర్టులో మొదట నెట్ దగ్గరి షాట్లే ఆడండి, స్మాష్ చివరికి.

సమస్య: ఆడాక వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి

పాత తిమ్మిరి కొన్నాళ్లు మిగలడం మామూలే, నరం మెల్లగా కోలుకుంటుంది. ఇదివరకు బొటనవేలిలో ఉన్నది ఇప్పుడు మధ్యవేలిలో మొదలైతే పక్క డిస్క్‌ను అనుమానించాలి. ఆట ఆపి, ఏ వేలో, ఎప్పుడో రాసుకుని డాక్టర్‌కు చూపండి.

సమస్య: చొక్కా గుండీ పెట్టుకోలేకపోతున్నారు, నడక తూలుతోంది, తల వంచితే వెన్నులో కరెంటు పాకుతోంది

వెన్నుపాము నొక్కుకుపోతూ ఉండవచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. మసాజులు వద్దు. సెలూన్‌లో మెడ విరిపించుకోవడం ఇప్పుడే కాదు, ఇక ఎప్పటికీ వద్దు.

సమస్య: కబడ్డీకి వెళ్లవచ్చా?

ఒక్క డిస్క్ చోటే అతికించి, ఎముక పూర్తిగా అతుక్కుని, నొప్పి లేకుండా మెడ తిరిగి, చేతుల్లో బలం వస్తే సర్జన్ ఒప్పుకోవచ్చు. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు పేటన్ మానింగ్ ఇలాంటి ఆపరేషన్‌తో 2011 సీజన్ మొత్తం వదులుకుని, 2013లో 55 టచ్‌డౌన్ పాస్‌లు (జట్టుకు పాయింట్లు తెచ్చే విసుర్లు) విసిరాడు. రెండు చోట్లయితే సర్జన్లు బాగా ఆలోచిస్తారు, మూడయితే సాధారణంగా వద్దంటారు. కబడ్డీలో రైడర్ తల కింద ఉండగానే నలుగురు మీద పడతారు. అందుకే, ఒక్క డిస్కే అయినా, మీ సర్జన్ స్కాన్ చూసి నోరారా సరేనని చెప్పేదాకా బరిలోకి దిగకండి.