పేనుబంక కనబడగానే మందు కొట్టకండి, ముందు ఆకు తిప్పి చూడండి

సంక్రాంతి దాటాక తెనాలి, దుగ్గిరాల, కొల్లిపర వైపు వెళ్తే వరి కోసిన మాగాణుల్లో ఎటు చూసినా మొక్కజొన్న, జొన్నే. సరిగ్గా అప్పుడే రెండు రోజులు మబ్బు పట్టిందంటే సుడిలో, అంటే మొక్క నడిమి లేత ఆకుల్లో, రసం పీల్చే చిన్న పురుగు పేనుబంక మొదలవుతుంది, ఆకులు జిగటగా మెరుస్తాయి, ఆ జిగట మీద నల్లటి మసి పడుతుంది, ఇక టెన్షన్‌తో సాయంత్రానికే ట్యాంకు భుజానికెత్తుతాం. మేమూ ఒక ఏడాది అదే చేశాం. మందు కొట్టాక కూడా ఆకుల మీద నల్లగా, ఒళ్లంతా ముళ్లతో, నారింజ మచ్చలతో పాకుతున్న పురుగులు కనబడితే ఇదేదో కొత్త పురుగనుకుని రెండోసారి కొట్టాం. అవి అక్షింతల పురుగు పిల్లలు. పేనుబంకని తినడానికి వచ్చినవాటిని మా చేతులతో మేమే చంపుకున్నాం. సుడి లోపల మిగిలిన పేనుబంక మాత్రం మళ్లీ పొలమంతా పాకింది.

అందుకే ముందు గుర్తుపట్టడం నేర్చుకోండి. ఎర్రటి డొప్ప మీద నల్ల మచ్చలుండే పెద్ద పురుగు అందరికీ తెలుసు, పిల్లపురుగే తెలియదు, అదీ బాగా తింటుంది. పెరిగేలోపు ఒక్కోటి వందల పేనుబంకల్ని తింటుంది. దాని గుడ్లు పసుపు రంగులో, ఆకు అడుగున నిలబెట్టినట్టు గుంపుగా ఉంటాయి. సన్నటి దారం చివర ఒక్కొక్క గుడ్డు వేలాడుతుంటే అది అల్లిక రెక్కల పురుగుది. పేనుబంక మధ్య కాళ్లు లేకుండా, జలగలా మెల్లగా కదిలే పచ్చటి పురుగు సిర్ఫిడ్ ఈగ పిల్ల. కొన్ని పేనుబంకలు ఉబ్బి, గోధుమ రంగులో గట్టిపడి ఉంటాయి చూడండి, వాటి లోపల చిన్న కందిరీగ పెరుగుతోందన్నమాట. ఇవన్నీ పేనుబంకని చంపే మన మిత్రపురుగులే.

పొద్దున్నే పొలంలోకి దిగి, గట్టు పక్కనే చూసి వచ్చేయకుండా లోపలికి వెళ్లి, అక్కడక్కడా పది మొక్కలకి రంగు దారం కట్టండి. సుడి, ఆకు అడుగు, జల్లు (మొక్క కొసన వచ్చే పూత) చూసి రాసుకోండి. మూడు రోజుల తర్వాత అవే మొక్కలు మళ్లీ చూడండి. పేనుబంక మగతో పనిలేకుండానే పిల్లల్ని కంటుంది, ఆ పిల్లలు వారం పదిరోజుల్లోనే మళ్లీ కంటాయి కాబట్టి మొదట్లో అదే గెలుస్తున్నట్టు ఉంటుంది. మిత్రపురుగులు దాని వెనకాలే కాస్త ఆలస్యంగా వస్తాయి. ఆ కొద్ది రోజులు ఓపిక పట్టడమే కష్టం, కానీ రెండోసారి చూసినప్పుడు పిల్లపురుగులు, గట్టిపడిన పేనుబంకలు పెరిగి ఉంటే మందు జోలికి వెళ్లకండి. చీమలు బారులు తీరి ఎక్కుతుంటే మాత్రం గమనించండి, ఆ తీపి జిగట కోసం అవి అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి.

మిత్రపురుగులు అస్సలు కనబడక, జల్లు మొత్తం బంక కట్టి పుప్పొడి రాలని పరిస్థితి వస్తే ఊరుకోమని చెప్పను, గింజ తగ్గుతుంది. అప్పుడు కూడా 1500 పీపీఎం వేపనూనె లీటరు నీటికి 5 మి.లీ. కలిపి, బంక ఉన్న మొక్కలకే సాయంత్రం పూట కొట్టండి. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వద్దు, అవి మంచీ చెడూ చూడవు. సుడిలో చేరి ఆకులు తినే కత్తెర పురుగుకి కొట్టేటప్పుడూ అంతే, మందు సుడిలో పడాలి గానీ చేనంతా తడవకూడదు.

యూరియా ఒకేసారి గుమ్మరించకండి, మెత్తటి పచ్చదనం ఎంత పెరిగితే పేనుబంక అంత చేరుతుంది. వచ్చే ఏడు గట్ల మీద కాసిని ధనియాలు, ఆవాలు చల్లండి. సిర్ఫిడ్ ఈగలకీ చిన్న కందిరీగలకీ పెద్దయ్యాక తేనె, పుప్పొడి కావాలి. బొబ్బర్లు కూడా నాలుగు గింజలు వేయండి. వాటికి పట్టే పేనుబంక వేరే రకం, మొక్కజొన్నకి పెద్దగా రాదు. దాన్ని తింటూ అక్షింతల పురుగులు మన చేలో ముందే కాపురం పెడతాయి.