స్పీకర్ వైరులో ఒక్క పోగు చాలు

బతుకమ్మ వస్తోందంటే హనుమకొండ, వరంగల్ ఇళ్లలో అటక మీది స్టీరియోలు కిందికి దిగుతాయి. పాట పెట్టే తొందరలో ఆంప్లిఫయర్ ఆన్‌లో ఉండగానే స్పీకర్ వైర్లు దూర్చేస్తుంటారు. అది వద్దు, ముందు ప్లగ్గు పీకేయండి. వైరు కొనను సుమారు ఒక సెంటీమీటరు ఒలిచి, రాగి పోగులన్నిటినీ గట్టిగా మెలిపెట్టి, ఎరుపు వైరును ఎరుపు టెర్మినల్‌కు (వైరు బిగించే చోటు), నలుపును నలుపుకు బిగించండి. వెంట్రుకంత పోగు ఒకటి పక్క టెర్మినల్‌ను తాకినా షార్టయి ఆంప్లిఫయర్ కాలిపోవచ్చు. బిగించాక టార్చి వేసి చూడటం చాదస్తమేమీ కాదు.

వాకిట్లోకీ వినిపించాలని అవే టెర్మినళ్లకు ఇంకో స్పీకర్ సమాంతరంగా కలిపితే, రెండు 8 ఓమ్‌ల స్పీకర్లు కలిసి 4 ఓమ్‌ల భారమవుతాయి. ఓమ్ అంటే కరెంటును అడ్డుకునే కొలత, అది తగ్గితే ఆంప్లిఫయర్‌కు శ్రమ ఎక్కువ. ఆంప్లిఫయర్ వెనక రాసిన కనీస ఓమ్‌లు చూశాకే ఆ పని.

ఆంప్లిఫయర్ మీద అల్లిన గుడ్డ కప్పడం మన ముచ్చట. మోగుతున్నంతసేపు మాత్రం దాన్ని తీసేయండి, వేడి పైరంధ్రాల నుంచే పోవాలి. ఆంప్లిఫయర్‌ను అన్నిటికన్నా చివర ఆన్ చేసి, అన్నిటికన్నా ముందు ఆఫ్ చేస్తే స్పీకర్లలో 'ఠప్' మోత రాదు. మబ్బు కమ్మితే ఉరుములకు ముందే ప్లగ్గు తీయండి. స్విచ్ ఆపితే చాలదు.